ఉక్కునగరమున ఊతలేని మేడలు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరక అనలేదు. ఆ మాట పుట్టిననాడు ఇల్లు కట్టువాడే ఆ యింట కాపురముండెడివాడు. గోడ బీటవారిన తన నెత్తిననే పడునని యెఱిగి కట్టెడివాడు. నేడో, కట్టువాడొకడు, కొనువాడొకడు, పటముపై సంతకము పెట్టువాడొకడు. విఱిగి పడిననాడు దాని క్రింద నలుగువాడు వేఱొకడు. నలుగురి నడుమ బాధ్యత అనాథశిశువైనది. విశాఖపట్టణమున నేడు కొండవాలుల మీదను, చెఱువు గర్భములందును, గెడ్డల యొడ్డునను దినదినము లేచుచున్న మేడలను చూచినప్పుడెల్ల మాకు తోచు ప్రశ్న యొక్కటే: ఈ అనాథశిశువునకు తండ్రి యెవడు?

2014 అక్టోబరు 12వ తేదీని ఈ పట్టణవాసులు మఱచియుండరు. నాటి ఆదివారము పట్టపగలు హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము నడినెత్తిన తీరము దాటినది. గంటకు 170 మొదలు 180 కిలోమీటర్ల వేగముతో గాలి వీచినది. విమానాశ్రయపు పైకప్పు చెదరిపోయినది. విద్యుత్తు లేక ఉక్కు కర్మాగారమంతటిది ఉత్పత్తి నిలుపవలసి వచ్చినది. కంబాలకొండ మ్రాకులు నేలకొఱగినవి. సముద్రపుటొడ్డున అద్దములు తొడిగిన కట్టడములు గంటల వ్యవధిలో గవ్వలవలె ఖాళీ యైనవి. మఱునాడు వీధులలో నడచినవారికి కాలిక్రింద గాజుపెంకులును, రేకులును, మిద్దెలపైనుండి ఎగిరివచ్చిన నీటితొట్లును తప్ప వేఱు కానరాలేదు.

అయినను, సిమెంటు కాంక్రీటు మేడలలో అత్యధికము నిలిచినవి. ఇదియే మనకు గొప్ప కీడు చేసినదని చెప్పిన పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. "హుద్‌హుద్‌కే నిలిచిన మేడకు ఇక భయమేమి?" అను మాట ఆ నాటినుండి నగరమున మంత్రమువలె వినబడుచున్నది. అమ్మువాడును ఆ మాటయే చెప్పును, కొనువాడును ఆ మాటయే నమ్మును. ఒక పరీక్షలో ఉత్తీర్ణుడైన బాలుడు తక్కిన పరీక్షలన్నిటను ఉత్తీర్ణుడైనట్లే యని తలచు తండ్రిని లోకము నవ్వును. ఇంటి విషయమున మాత్రము మనమందఱమును అట్టి తండ్రులమే.

ముందుగా గాలి మాట విచారింతము. భారత ప్రమాణముల సంస్థవారు కట్టడములపై గాలి తాకిడిని గూర్చి ఐ.యస్. 875 అను నియమావళి మూడవ భాగమున విధులేర్పఱచిరి. అది 1987లోను, మరల 2015లోను సవరింపబడినది. అందు విశాఖపట్టణమునకు నిర్ణయించిన మూలవేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. నేలకు పది మీటర్ల యెత్తున మూడు సెకనులపాటు తగులు విసురు అది. ఆ వేగమున చదరపు మీటరు గోడపై పడు ఒత్తిడి సుమారు 153 కిలోల బరువుతో సమానము. గాలి వేగము రెట్టింపయిన తాకిడి రెట్టింపగుటతో నిలువదు, నాలుగు రెట్లగును. కావున వేగమును కొంచెము తగ్గించి లెక్క వేసికొన్నవాడు బలమును మిక్కిలిగా తగ్గించినవాడగును. కొండవాలున కట్టిన యింటికి గాలి మఱింత వేగమున తగులును. అందుకై నియమావళిలో వేఱుగ ఒక గుణకము గలదు. కైలాసగిరి చుట్టును, సింహాచలపు కొండల ప్రక్కలను, సీతమ్మధార మిట్టలమీదను కాపురములు పెంచుకొన్న ఊరిలో ఆ గుణకమును మఱచుట చిన్న తప్పు గాదు.

2015 సవరణలో మఱియొక విశేషము గలదు. తూర్పుతీరమునకు 60 కిలోమీటర్లలోపల, తుపాను వెలిసిన పిదప అక్కఱకు రావలసిన ఆసుపత్రులవంటి కట్టడములకు వేగమును 1.30 చేతను, పరిశ్రమల కట్టడములకు 1.15 చేతను గుణింపవలయునని విధించిరి. తక్కినవానికి గుణకము 1.00. అనగా సామాన్యుని కాపురపుటింటికి పెంపు లేదు. దీనిని మేము తప్పుపట్టుట లేదు. దేశమందలి ఇండ్లన్నిటిని కోటలుగా కట్టజాలము. కాని ఇంటికి విధించినది కనీసపు కొలత యనియు, ఆ కనీసమును గూడ ఎగవేయుట దొంగతనము కంటె హీనమనియు మాత్రము గట్టిగా చెప్పుచున్నాము.

గాలి గోడను నెట్టుటయే గాదు, కప్పును పీల్చును కూడ. ఎదురుగాలికి ఒక కిటికీ పగిలినచో గాలి లోపలికి దూరి ఇంటిని బుడగవలె ఉబ్బించును. లోపలి త్రోపును పైనుండు పీల్పును ఏకమై కప్పును లేపుకొనిపోవును. కప్పు అంచులందును మూలలందును ఆ పీల్పు మిక్కుటము. కావున కిటికీ అద్దము అలంకారము గాదు, కప్పునకు కావలివాడు. మేడపై రేకుల గది వేసికొనువాడు అంచులందు మరలు మఱింత దగ్గఱగా బిగింపవలెను. ఇంత చిన్న సంగతి యెఱుగక హుద్‌హుద్ నాడు ఎన్ని కప్పులు ఎగిరినవో ఆ నాటి వీధులే చెప్పినవి.

మన తీరగ్రామములలో చదువురాని జాలరివారికి ఈ శాస్త్రము తెలియును. ఉత్తరాంధ్రమున నేటికిని అచ్చటచ్చట కనబడు చుట్టిండ్లను చూడుడు. గుండ్రని గోడ, మూలలు లేవు, గాలి పట్టుకొనుటకు చోటు లేదు. కప్పు చూరు నేలకు వంగి యుండును. గాలి దాని క్రింద చొచ్చుటకు సందు దొరకదు. మట్టిగోడ వానకు కరగుననియు, తాటాకు ఏటేట మార్చవలయుననియు మేమెఱుగుదుము. మరల ఆ యిండ్లలోనికి పొండని ఎవరికిని చెప్పబోము. కాని గాలి యెట్టిదో యెఱిగి కట్టిన గుడిసెకును, గాలి యనునది యొకటి గలదని మఱచి కట్టిన అద్దాలమేడకును గల తారతమ్యమును గమనింపుడనుచున్నాము.

ఇక భూకంపము. "విశాఖకు భూకంపమెక్కడిది? మనది రెండవ మండలము కదా" అని ప్రతివాడును అనును. ఐ.యస్. 1893 నియమావళి 2002లో దేశమును రెండు మొదలు ఐదు వఱకు నాలుగు మండలములుగా విభజించినది. విశాఖపట్టణమును అన్నిటికంటె తక్కువ అపాయముగల రెండవ మండలమున చేర్చినది. 2016 ప్రతియు అట్లే యుంచినది. తక్కువ అపాయమనగా అపాయము లేదని యర్థమా? 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రమందలి లాతూరు ప్రాంతము తెల్లవారకముందే శ్మశానమైనది. వేలమంది నిద్రలోనే నేలపాలైరి. నాటి పటమున ఆ ప్రాంతము మిక్కిలి నిరపాయమైన మొదటి మండలమున నుండెను. పటమును చూచి భూమి కదలదు. భూమి కదలిన పిదప పటమును మనము మార్చుకొనుచున్నాము. మన తెలుగునేలనే తీసికొందము. 1967 మార్చిలో ఒంగోలు కంపించినది. 1969 ఏప్రిలులో భద్రాచలము కంపించినది. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయమున ములుగు ప్రాంతమున 5.3 ప్రమాణముగల భూకంపము పుట్టి హైదరాబాదువఱకు జనులను వీధులలోనికి తఱిమినది. ఇవి చెప్పుట జనులను బెదరించుటకు గాదు. "మనకు రాదు" అను నిద్రనుండి లేపుటకు.

ఇచ్చట చదువుకొన్నవారు, అందును కొందఱు ఇంజనీర్లు, ఒక యుక్తి చెప్పుదురు. "విశాఖలో గాలి తాకిడి యెక్కువ, దానికి సరిపడ కట్టినచో భూకంపమునకు వేఱుగ లెక్క అక్కఱలేదు" అని. వినుటకు ఇంపుగా నుండు ఈ మాటయే నగరమునకు పట్టిన చీడ. దీనిని అంకెలతోనే పరీక్షింతము.

పదునైదు మీటర్ల వెడల్పు, పదునెనిమిది మీటర్ల యెత్తుగల ఒక మేడ ముఖము 270 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 153 కిలోల చొప్పున స్థూలముగ 41 టన్నుల గాలిత్రోపు దానిపై పడును. అట్టి మేడ బరువు వెయ్యి టన్నులనుకొందము. మామూలు పద్ధతిని కట్టిన చట్రమునకు రెండవ మండలమున నియమావళి ప్రకారము భూకంపపు ప్రక్కత్రోపు బరువులో నూటికి నాలుగు పాళ్లకు కొంచెము పైన, అనగా సుమారు 42 టన్నులు. రెండును సమానమే యైనవి కదా, ఇక భేదమేమందురా? భేదమంతయు ఇచ్చటనే దాగియున్నది. ఆ 42 టన్నులు భూకంపము యొక్క నిజబలము గాదు. నిజముగ లెక్కకు వచ్చిన బలము 125 టన్నులు; "ఈ కట్టడము విఱుగక వంగి, సాగి, ఆ బలమును మ్రింగికొనును" అను నమ్మకముతో దానిని మూడింట భాగించి 42 టన్నులు చేసిరి. ఆ 125 టన్నులు సైతము రాదగిన మహాకంపమున సగమునకే లెక్కించినవి. గాలి లెక్కలో ఇట్టి భాగింపు లేదు. గాలికి కట్టడము వంగి మరల యథాస్థితికి రావలెను. గాలి గంటలకొలది ఒక దిక్కునుండి నెట్టును, భూకంపము అరనిమిషములో ఇరువైపులకు పదులమార్లు ఊపును. గాలికి బరువైన యిల్లు మేలు. భూకంపమున బరువే శత్రువు. కావున గాలి పరీక్షలో గెలిచిన మేడ తన బలమును చూపినదే కాని తన సాగుడును చూపలేదు. సాగుడు లేని మేడ భూకంపమున మట్టికుండవలె పగులును. "గాలి యెక్కువ గనుక భూకంపము అక్కఱలేదు" అనువాడు భాగించిన అంకెను చూచి మోసపోయినవాడు. లేదా తెలిసియు ఇతరులను మోసపుచ్చువాడు.

ఆ సాగుడు ఎచ్చటనుండి వచ్చును? దేవలోకమునుండి కాదు; స్తంభములోని నిలువుచువ్వలను చుట్టి కట్టు రింగులనుండి వచ్చును. రింగు కొనలను 90 డిగ్రీల వద్ద వంచి విడిచినచో, పైకాంక్రీటు రాలినంతనే రింగు విచ్చుకొనును, నిలువుచువ్వలు గొడుగు ఊచలవలె బయటికి వంగును, స్తంభము కూలును. ఆ కొనలనే 135 డిగ్రీలు వంచి స్తంభగర్భములోనికి రెండు మూడంగుళములు చొప్పించినచో, కాంక్రీటు నలిగినను చట్రము నిలుచును. దూలమును స్తంభమును కలియుచోట రింగుల నడుమ దూరము 100 మిల్లీమీటర్లకు మించరాదు. ఐ.యస్. 13920 అను నియమావళి దీనిని 1993నుండి బోధించుచున్నది. కాని అది నిర్బంధించునది మూడవ, నాలుగవ, ఐదవ మండలములనే. రెండవ మండలమని చేర్చిన విశాఖలో కట్టువాడు ఆ సందునుండి తప్పించుకొనుచున్నాడు. వంపు ఒకింత యెక్కువ, చువ్వ ఒకింత పొడవు; ఇంతటి స్వల్పవ్యయమునకు వెనుదీసి నలువది కుటుంబముల ప్రాణములను పణముగ పెట్టువానిని ఏమని పిలువవలెనో పాఠకులే నిర్ణయింతురు గాక.

ఈ నిర్లక్ష్యము మఱియెచ్చట జరిగినను దుఃఖమే. విశాఖలో జరుగుట సిగ్గు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో తెలుగునాడెల్ల ఘోషించినది. ఆ పోరాటమున 32 మంది ప్రాణములర్పించిరి. 1971లో పునాదిరాయి పడినది; 1992లో కర్మాగారము జాతికి అంకితమైనది. ఎవరి నెత్తుటితో మనకా కొలిమి దక్కినదో వారి ఊరనే, ఆ కొలిమినుండి వచ్చిన చువ్వను సరిగ వంచుటకు బద్ధకించు మనలను చూచి వారేమనుకొందురు? ఉక్కు సంపాదించుట సగము పని. ఉక్కును దాని ధర్మమున నిలుపుట తక్కిన సగము.

మేడల క్రింద కార్లకొఱకు విడిచిన ఖాళీయంతస్తు మఱియొక యపాయము. దీనిని జనులు స్టిల్టు అందురు. పై అంతస్తులన్నిటను ఇటుకగోడలు స్తంభముల నడుమ బిగిసి గట్టినిచ్చును. క్రింద మాత్రము ఉత్త స్తంభములే. పైభాగమంతయు ఒక రాయివలె కదలగా, ఆ కదలిక యంతయు ఈ కాళ్లమీదనే పడును. 2001 జనవరి 26న భుజ్ భూకంపము వచ్చినప్పుడు, కేంద్రమునకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న అహమదాబాదులో ఇట్టి మేడలే కాళ్లు విఱిగి కూలినవి; వందలమంది చనిపోయిరి. 2002 నియమావళి ఆ యంతస్తు స్తంభములను రెండున్నర రెట్ల బలమునకు కట్టవలయుననియో, తగిన కాంక్రీటు గోడలు నిలుపవలయుననియో విధించినది. యం.వి.పి. కాలనీనుండి మధురవాడవఱకు, గాజువాకనుండి పెందుర్తివఱకు స్టిల్టుమీద నిలిచిన మేడలలో ఈ విధిని పాటించినవి యెన్ని? లెక్క యెవరివద్ద గలదు? లేకున్న, ఎందుకు లేదు?

సముద్రము మనకు సంపద నిచ్చినది. 1933 అక్టోబరు 7న జలదుర్గ యను ఓడ రేవులో ప్రవేశించిననాటినుండి ఈ పట్టణపు వైభవమంతయు ఉప్పునీటి చలువయే. కాని ఆ యుప్పుగాలియే ఇనుమునకు క్షయరోగము. తీరప్రాంతపు కట్టడములకు ఐ.యస్. 456 కాంక్రీటు తరగతి ముప్పదికి తగ్గరాదనియు, చువ్వపై 45 మిల్లీమీటర్ల కప్పు ఉండవలెననియు చెప్పుచున్నది. అచ్చుపలకకును చువ్వకును నడుమ సరియైన మందముగల సిమెంటు బిళ్ల పెట్టుటకు బదులు ఒక కంకరరాయిని దూర్చు మేస్త్రి, తనకు తెలియకయే ఆ యింటి ఆయుర్దాయమును తెగకోయుచున్నాడు. త్రుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును చీల్చును. పదునైదేండ్లకే శ్లాబు పెచ్చులూడును. గాలికిని భూకంపమునకును వేసిన లెక్కలన్నియు ఆ త్రుప్పుతో రాలిపోవును.

2014 జూను 28న చెన్నపట్టణపు శివారు మౌలివాకములో నిర్మాణమందున్న పదునొకండంతస్తుల మేడ యొకటి కుప్పకూలినది. గాలి తుపాను గాదు, భూకంపము గాదు. వాన కురియుచుండెను, అంతియే. 61 మంది మరణించిరి. వారిలో అనేకులు కూలికై వలసపోయిన మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల బిడ్డలు. పునాది భూమి బలమును, స్తంభముల బలమును సరిగ విచారింపని పాపము, కాగితమెఱుగని ఆ కూలీల తలపై పడినది. ఆ శవములు తిరిగి వచ్చిన పల్లెలకు విశాఖయే పెద్దపట్టణము. ఆ పాఠము కూడ మనకు చాలకున్న ఇంకేమి చాలును?

దోషమంతయు కట్టువానిదని మేమనము. కొనువాడు ఏమడుగుచున్నాడు? ఈశాన్యము పెరిగినదా, వంటయిల్లు ఆగ్నేయమున నున్నదా, సింహద్వారమునకు వీథిపోటు కలదా అని నలుగురు పండితులనడుగును. పునాది క్రింద భూమిని పరీక్షించిరా, ఆ పత్రమేది, స్తంభముల పటము గీసినదెవరు అని ఒక్కనిని అడుగడు. వాస్తును నమ్మువారిని మేము నిందింపము; కాని ఇల్లు నిలిచిననే కదా ఈశాన్యమున దేవుని పటము నిలుచుట! నగరపాలకులు ఏమి చేయుచున్నారు? మేడ చుట్టును విడువవలసిన ఖాళీని కొలబద్దతో కొలుచుట యవసరమే; కాని శ్లాబు పోయుటకు ముందు రింగుల నడుమ దూరమును కొలుచువారేరి? ఇంజనీరు ఏమి చేయుచున్నాడు? నిజాయితీగల ఇంజనీర్లు ఈ ఊర చాలమంది గలరు. వారికి మా నమస్కారము. కాని చూడని పటముపై సంతకమును అమ్ముకొనువాడొక్కడున్నను, వాడు తన వృత్తికే కాదు, ఆ కప్పుక్రింద పరుండు పసిపాపకు కూడ ద్రోహి.

ఇది చేయరాని పనియా? 1974 డిసెంబరు 25న ట్రేసీ యను తుపాను ఆస్ట్రేలియాలోని డార్విను పట్టణమును తుడిచిపెట్టినది. ఇండ్లలో నూటికి డెబ్బదివఱకు నాశనమైనవి. ఆ దేశమువారు విధిని నిందించుచు కూర్చుండలేదు. కప్పును గోడకును, గోడను పునాదికిని గట్టిగ బంధించు పద్ధతిని నిర్బంధము చేసి ఊరిని మరల కట్టికొనిరి. జపానువారు 1981లో తమ విధులను కఠినతరము చేసిరి. 1995లో కోబే కంపించినప్పుడు కూలినవానిలో అధికభాగము అంతకు పూర్వము కట్టినవియే. విధి వ్రాసినందువలన కాదు, వ్రాసిన విధిని పాటించినందువలన ఆ యిండ్లు నిలిచినవి. మనకు విధులు లేవా? కావలసినన్ని గలవు. అవి బీరువాలలో భద్రముగ నున్నవి, మేడలు మాత్రము బయట నున్నవి.

కావున మేము కోరునది ఇది. మేడ కట్టుచోట, అందఱకు కనబడునట్లు, భూమిపరీక్ష చేసినవాని పేరును, చట్రపు పటము గీసినవాని పేరును, పని చూచుచున్నవాని పేరును తెలుగున వ్రాసి నిలుపవలెను. మండలమేదైనను విశాఖలో ప్రతి స్తంభపు రింగును 135 డిగ్రీలు వంచవలెనని నగరపాలక సంస్థ అనుమతిపత్రముననే షరతు వ్రాయవలెను. స్టిల్టు మేడకు కాంక్రీటు గోడలు లేనిదే అనుమతి యీయరాదు. ఎత్తైన మేడల లెక్కలను వేఱొక ఇంజనీరు పరిశీలింపవలెను. ఆ పరిశీలకుని జీతము కట్టువాని చేతిమీదుగా పోరాదు. ఉన్న మేడలలో పాఠశాలలను, ఆసుపత్రులను ముందుగ పరీక్షించి బలహీనమైనవానికి ఊత కల్పింపవలెను. మేస్త్రులకును, చువ్వలు వంచు పనివారికిని వారి భాషలో, పని జరుగు చోటనే శిక్షణ నీయవలెను. రాత్రింబగళ్లు చెమటోడ్చు ఆ చేతులకు ఎందుకు వంచవలెనో తెలిసిననాడు ఎట్లు వంచవలెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

చదువరులారా! మీలో ఇల్లు కొనువారు గలరు, కట్టువారు గలరు, అద్దెకుండువారు గలరు. ఈ వారమే మీ మేడ సంఘము కూడినప్పుడు ఒక్క ప్రశ్న వేయుడు: "మన యింటి స్తంభముల పటమేది?" దానిని చూపగలిగినచో సంతోషము, చూపలేకపోయినచో, ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము వచ్చువఱకు ఊరకుండకుడు. గాలి మన యనుమతి నడిగి రాదు. భూమి మన పంచాంగము చూచి కదలదు. అవి వచ్చుట మన చేతిలో లేదు. వచ్చిననాడు మన బిడ్డలపై కప్పు నిలుచుట మాత్రము నేడు మన చేతిలోనే యున్నది. రేపటికి అదియు చేజారవచ్చును.